ఉరితాడు మెడలో వేసుకున్న ఊరు

(గత సంచిక తరువాయి)

1540 మే 3వ తేదీ. గెంట్ పురపాలక భవనం తలుపులు తెరుచుకున్నాయి. నగర పెద్దలు ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఒంటిమీద నల్లటి అంగీలు. తలమీద టోపీ లేదు, కాళ్ళకు చెప్పుల్లేవు. వాళ్ళ వెనక వృత్తి సంఘాల ప్రతినిధులు. ఆ వెనక ఒక్క తెల్ల చొక్కా తప్ప మరేమీ తొడుక్కోని నేతగాళ్ళు, వాళ్ళతో పాటు తిరుగుబాటులో ముందు నిలిచిన సామాన్యులు. వీళ్ళ మెడల్లో ఉరితాళ్ళు వేలాడుతున్నాయి. ఊరంతా చూస్తుండగా ఆ ఊరేగింపు ప్రిన్సెన్‌హోఫ్ రాజభవనానికి నడిచింది. అక్కడ చక్రవర్తి ఐదో చార్లెస్, ఆయన చెల్లెలు, ఆ ప్రాంతాల పాలకురాలు మేరీ కూర్చుని ఉన్నారు. అందరూ వాళ్ళ ముందు మోకరిల్లి, తప్పు చేశాం, క్షమించమని వేడుకున్నారు.

ఇంత శిక్ష వేసిన చక్రవర్తి పరాయివాడేమీ కాదు. 1500 ఫిబ్రవరి 24న సరిగ్గా ఆ ప్రిన్సెన్‌హోఫ్‌లోనే పుట్టాడు. మార్చి 7న ఆ పసివాడికి బాప్తిస్మం. రాజభవనం నుంచి సెయింట్ జాన్ చర్చి దాకా ఊరివాళ్ళు చెక్కతో ఎత్తైన దారి కట్టి, పొడవునా దివిటీలు వెలిగించారు. ఉయ్యాలలో ఉండగా దీపాలు పట్టిన ఊరి చేత నలభై ఏళ్ళకు ఉరితాళ్ళు మోయించాడు. రెండు ఊరేగింపులూ నడిచింది ఇంచుమించు ఒకే దారి. మొదటిది రాజభవనం నుంచి ఊరి నడిబొడ్డుకు, రెండోది ఊరి నడిబొడ్డు నుంచి రాజభవనానికి.

బెల్జియంలోని గెంట్ చూడబోయే తెలుగువాళ్ళకు నేనిచ్చే సలహా ఒక్కటే. చూడాల్సిన వాటి పట్టీ చేతబట్టుకుని పరుగులు పెట్టకండి. ఈ దారి పట్టుకుని నడవండి. కోట, గోపురం, సంత, చర్చి, శిథిలమైన మఠం అన్నీ దారికి ఆ పక్కా ఈ పక్కా తగులుతాయి. ఒకదాని కథ ఇంకోదానికి ముడిపడి ఉంటుంది.

చేరుకోవడం తేలిక. బ్రస్సెల్స్ నుంచి రైల్లో అరగంట చిల్లర. సెయింట్ పీటర్స్ స్టేషన్‌లో దిగి ట్రామ్ ఎక్కితే ఊరి మధ్యలోని కోరెన్‌మార్క్ట్ దగ్గర దించుతుంది. నడిబొడ్డులో చాలా వీధుల్లోకి కార్లను రానివ్వరు కనుక పిల్లలతో, పెద్దవాళ్ళతో నిశ్చింతగా తిరగొచ్చు. సైకిళ్ళు మాత్రం జోరుగా వస్తాయి, ట్రామ్ పట్టాలూ ఉంటాయి, చూసుకుని నడవాలి. గత సంచికలో చెప్పుకున్న బ్రూజ్‌లో రేవు మేట వేసి వర్తకం తరలిపోయింది, ఊరు నిద్రపోయింది, ఆ నిద్రే దాని అందాన్ని కాపాడింది. గెంట్ ఏనాడూ నిద్రపోలేదు. పెద్ద విశ్వవిద్యాలయం, రేవు, ఫ్యాక్టరీలు అన్నీ ఉన్న ఊరు. అందుకే నాకు బ్రూజ్ కంటే గెంట్ ఎక్కువ ఇష్టం.

కోరెన్‌మార్క్ట్ పక్కనే సెయింట్ మైకేల్ వంతెన. దానిమీద నిలబడి తూర్పుకు తిరిగితే మూడు శిఖరాలు ఒకే వరసలో కనిపిస్తాయి. సెయింట్ నికొలాస్ చర్చి, దాని వెనక గంటల గోపురం, ఆ వెనక సెయింట్ బావో కేథడ్రల్. ఫోటోల్లో కనిపించే గెంట్ ఇదే. అయితే ఈ వంతెన పాతది కాదు. 1913లో ఇక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం ఊరిని ముస్తాబు చేసిన రోజుల్లో కట్టింది. పక్కనే లీ నది ఒడ్డున ఉన్న గ్రాస్‌లీ వరసలోని ఇళ్ళకు కూడా అప్పుడే మరమ్మతులు చేశారు, కొన్నింటి ముఖభాగాలు కొత్తగా కట్టారు. అంతమాత్రాన అక్కడ అసలు లేదనుకోవద్దు. ఆ వరసలో రాతితో కట్టిన, కాస్త ముందుకు ఒరిగినట్లుండే ధాన్యపు కొట్టు దాదాపు 800 ఏళ్ళ నాటిది. దాని పక్కన ఇరుక్కుని నిలబడ్డ చిన్న ఇల్లు సుంకం వసూలు చేసే చోటు. పడవవాళ్ళ సంఘం భవనం 1531 నాటిది.

ధాన్యపు కొట్టూ సుంకం ఇల్లూ పక్కపక్కన ఎందుకున్నాయో తెలిస్తే ఊరి స్వభావం సగం తెలిసినట్లే. లీ, షెల్ట్ నదులు కలిసే చోట పుట్టిన ఊరిది. నది మీద వచ్చే ప్రతి ధాన్యం పడవా ఇక్కడ ఆగి, సరుకులో నాలుగో వంతు ఇక్కడే దించి అమ్మాలి. ఆ హక్కు గెంట్‌ది. చుట్టుపక్కల కరువొచ్చినా ఊరికి తిండి లోటు ఉండేది కాదు. తిండికి ఢోకా లేదు, చేతిలో నేత పని ఉంది. ఇంగ్లండ్ గొర్రెల ఉన్ని తెచ్చి ఇక్కడ నేసిన బట్ట యూరప్ అంతా కట్టింది. 14వ శతాబ్దానికి జనాభా 60 వేల దాకా పెరిగింది. ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన అంతకు మించిన నగరం పారిస్ ఒక్కటే అని చరిత్రకారులు రాస్తారు.

ఆ బలం చూపించుకోవడానికే గంటల గోపురం. 1313లో మొదలుపెట్టారు. ఎత్తు దాదాపు 91 మీటర్లు. శిఖరం మీద 1377లో రాగితో చేసి బంగారు పూత పూసిన డ్రాగన్‌ను నిలబెట్టారు. ఆ పాత డ్రాగన్‌ను ఇప్పుడు గోపురం లోపలే దగ్గరగా చూడొచ్చు. కింది అంతస్తులో మందపాటి గోడల గది ఒకటుంది. ప్రభువులు ఊరికి రాసిచ్చిన హక్కుల పత్రాలను అక్కడ పెట్టెలో పెట్టి తాళాలు వేసేవారు. ప్రభువు మాట తప్పితే ఆ పత్రం తీసి చూపించేవారు. అప్పటికీ వినకపోతే పైనున్న రోలాండ్ గంట కొట్టేవారు. అది మోగితే నేతగాడు మగ్గం దిగి, కసాయి కత్తి పట్టుకుని సంతకు రావాల్సిందే. గోపురానికి లిఫ్టు ఉంది కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళూ పైకి వెళ్ళొచ్చు. ఆదివారం పొద్దున వెళితే గంటల మేళం వినొచ్చు. 1660 నాటి పెద్ద గంట 1914లో పగిలింది. అది ఇప్పుడు గోపురం పక్కన ఆరుబయట ఉంది, ఆ పగులును వేలితో తడిమి చూడొచ్చు.

ఆ గంట పిలిస్తే జనం చేరే సంతే ఫ్రైడేమార్కెట్, వాళ్ళ భాషలో వ్రేదాగ్‌మార్క్ట్. ఇప్పటికీ శుక్రవారం సంత జరుగుతుంది. మధ్యలో చెయ్యి చాచి నిలబడ్డ కంచు విగ్రహం యాకోబ్ వాన్ ఆర్టెవెల్డెది. ఇంగ్లండ్‌కూ ఫ్రాన్స్‌కూ కయ్యం ముదిరి ఇంగ్లండ్ ఉన్ని పంపడం ఆపేసింది. మగ్గాలు ఆగాయి, ఇళ్ళలో పొయ్యి రాజుకోలేదు. గెంట్ ఉన్న ఫ్లాండర్స్ ప్రాంతపు ప్రభువు ఫ్రాన్స్ రాజు పక్షం. 1338లో ఊరి పగ్గాలు చేపట్టిన ఆర్టెవెల్డె ప్రభువును పక్కనబెట్టి, ఇంగ్లండ్ రాజుతో నేరుగా మాట్లాడి ఉన్ని తెప్పించాడు. 1340 జనవరిలో మూడో ఎడ్వర్డ్ ఈ ఊరికే వచ్చి ఈ సంతలోనే తాను ఫ్రాన్స్‌కు కూడా రాజునని ప్రకటించుకున్నాడు. నూరేళ్ళ యుద్ధం అని మనం బడిలో చదువుకున్నదానికి ఇది ముఖ్య ఘట్టం. ఆ ఏడాదే ఎడ్వర్డ్ భార్యకు ఇక్కడి సెయింట్ బావో మఠంలో కొడుకు పుట్టాడు. పుట్టిన ఊరి పేరే అతనికి ఇంటిపేరులా నిలిచి జాన్ ఆఫ్ గాంట్ అయ్యాడు.

ఆర్టెవెల్డె ముగింపు బాధాకరం. ఏ జనం నెత్తిన పెట్టుకున్నారో ఆ జనమే 1345లో అతన్ని ఇంటి దగ్గర చంపేశారు. మళ్ళీ 1863లో ఆ ఊరే విగ్రహం నిలిపింది. ఆ చాచిన చెయ్యి ఇంగ్లండ్ వైపు చూపుతుందని స్థానికులు చెబుతారు. ఈ సంతకు కొద్ది దూరంలో నది పక్కన అయిదు మీటర్ల పొడవున్న ఎర్ర ఫిరంగి ఉంది, పిల్లలకు చూపించండి.

ఇక అసలు కథ. 1537లో చార్లెస్ ఫ్రాన్స్‌తో యుద్ధంలో ఉన్నాడు. డబ్బు కావాలి. చెల్లెలు మేరీ ఫ్లాండర్స్ మీద నాలుగు లక్షల గిల్డర్ల భారం వేసింది. మిగతా ఊళ్ళు తలూపాయి. గెంట్ మాత్రం, డబ్బు ఇవ్వం, కావాలంటే మా మనుషుల్ని సైన్యంగా పంపుతాం, ఇదే మా పాత హక్కు అంది. మేరీ వినలేదు, అరెస్టులు మొదలయ్యాయి. రెండేళ్ళు నానిన తగువు 1539 వేసవిలో బద్దలైంది. వృత్తి సంఘాల జనం పురపాలక భవనాన్ని పట్టుకున్నారు. ఊరిని మోసగించాడనే నేరం మోపి లీవెన్ పైన్ అనే ముసలి అధికారిని చిత్రహింసలు పెట్టి, ఆగస్టులో తల నరికారు. 1515లో చార్లెస్ తమ హక్కులకు కోత పెడుతూ రాయించిన తోలు పత్రాన్ని బయటికి తీసి చింపారు. ఆ ముక్కల్ని టోపీలకు తగిలించుకుని వీధుల్లో తిరిగారు.

పైన్ మరణాన్ని నేను సమర్థించను. ఊరివాళ్ళు అభిమానంగా చెప్పుకునే ఈ కథలో ఆ ముసలాయన నెత్తురు కూడా ఉంది. ఆయన పేరు వదిలేసి ఈ కథ చెప్పడం న్యాయం కాదు.

చార్లెస్ అప్పుడు స్పెయిన్‌లో ఉన్నాడు. శత్రువైన ఫ్రాన్స్ రాజు దగ్గర అనుమతి తీసుకుని, ఆ దేశం మీదుగానే ప్రయాణించి, 1540 ఫిబ్రవరి 14న సైన్యంతో గెంట్‌లో ప్రవేశించాడు. ఎవరూ ఎదురు తిరగలేదు. నాయకుల తలలు తెగాయి. ఏప్రిల్ చివర తీర్పు చదివించాడు. హక్కుల పత్రాలన్నీ రద్దు. భారీ జరిమానా. వృత్తి సంఘాల ఆస్తులు జప్తు. రోలాండ్ గంట గోపురం దిగాలి. కోటగోడల ద్వారాలు కూలాలి. వీటన్నిటి మీదా ఉరితాళ్ళ ఊరేగింపు. మిగతా శిక్షల్లో డబ్బు పోయింది, అధికారం పోయింది. ఈ ఒక్క శిక్షలో పరువు తీయాలని చూశాడు.

ఆ ఊరేగింపు బయలుదేరిన పురపాలక భవనం ఈనాటికీ ఉంది. చూడగానే రెండు వేర్వేరు భవనాలు అనిపిస్తుంది. ఒక వైపు గోడనిండా లతలు, గూళ్ళు, సన్నని చెక్కడాలు, 1518లో మొదలైన గోతిక్ పని. రెండో వైపు నిండు వరసల్లో స్తంభాలు, నిరాడంబరమైన కిటికీలు. 16వ శతాబ్దపు కల్లోలంలో పని నిలిచిపోయి, శతాబ్దం చివర మళ్ళీ మొదలైనప్పుడు కాలం మారి, శైలి కూడా మారిపోయింది. మూలమీద నిలబడి రెండు గోడలు కలిసే చోటు చూడండి. లోపలి ఒక హాలులోనే 1576లో స్పెయిన్ సైనికుల దోపిడీలకు వ్యతిరేకంగా ఈ ప్రాంతాలన్నీ ఒక్కటై గెంట్ ఒప్పందం రాసుకున్నాయి.

అక్కడి నుంచి ప్రిన్సెన్‌హోఫ్‌కు పావుగంట నడక. వందల గదుల రాజభవనంలో ఇప్పుడు మిగిలింది ఒక్క రాతి ద్వారం. మిగతాదంతా మామూలు ఇళ్ళ పేట. చెట్లు, సైకిళ్ళు, బాల్కనీల్లో పూల కుండీలు. ఆ పేటలో మెడకు తాడు వేసుకున్న మనిషి విగ్రహం ఉంది. పర్యాటకులు ఇక్కడికి పెద్దగా రారు, వచ్చినా ఐదు నిమిషాల్లో వెళ్ళిపోతారు. కాసేపు ఆ ద్వారం కింద నిలబడితే, చెప్పుల్లేని పాదాలతో ఇక్కడికి నడిచొచ్చిన మనుషులు పుస్తకంలో పేర్లుగా కాకుండా మనుషులుగా తోస్తారు.

చార్లెస్ శిక్షలో ఊరిని ఎక్కువ కాలం బాధించింది మరొకటుంది. తిరిగి ఇలాంటి పొగరు చూపకుండా ఊరి తలాపున కోట కట్టించాడు. అందుకు స్థలం కావాలి. 7వ శతాబ్దం నుంచీ ఉన్న సెయింట్ బావో మఠాన్ని, అంటే జాన్ ఆఫ్ గాంట్ పుట్టిన చోటును, చాలావరకు కూలగొట్టించాడు. ఆ కోట కూడా తర్వాత నేలమట్టమైంది. మఠంలో భోజనశాల, కొన్ని గోడలు, నడవలు మిగిలాయి. మాయమైన పెద్ద చర్చి గోడలు ఎక్కడెక్కడ ఉండేవో అక్కడ పొదలు నాటి, గోడల ఆకారంలో కత్తిరించి పెంచుతున్నారు. పచ్చని స్తంభాల మధ్య గడ్డి మీద నడుస్తుంటే చర్చి కొలతలు కాళ్ళకు తెలుస్తాయి. వేసవి నెలల్లో, వారాంతాల్లో మాత్రమే తెరుస్తారు. తెరిచేది, కాపాడేది ఆ పేటలోని ఇరుగుపొరుగులే. గెంట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. వెళ్ళే రోజు తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి.

మఠం పోయింది గానీ పేరు పోలేదు. దిక్కులేనివాళ్ళైన అక్కడి మతగురువులు ఊళ్ళోని సెయింట్ జాన్ చర్చికి మారారు. దాంతో ఆ చర్చి సెయింట్ బావో అయింది, తర్వాత కేథడ్రల్ హోదా వచ్చింది. అంటే పసివాడైన చార్లెస్‌కు బాప్తిస్మం ఇచ్చిన చర్చి, పెద్దవాడైన చార్లెస్ కూల్చిన మఠం పేరును మోస్తోంది.

ప్రపంచం గెంట్‌కు వచ్చేది ఎక్కువగా ఈ కేథడ్రల్‌లోని ఒక చిత్రం కోసమే. హూబర్ట్ వాన్ ఐక్ మొదలుపెట్టగా తమ్ముడు యాన్ వాన్ ఐక్ పూర్తి చేసిన బలిపీఠ చిత్రం. ఓక్ పలకల మీద తైలవర్ణాలు. 1432 మే 6న ఆవిష్కరించారు. మధ్యలో పచ్చిక మీద ఒక గొర్రెపిల్ల, దాని ఛాతీ నుంచి పాత్రలోకి ధారగా రక్తం, చుట్టూ దేవదూతలు, భక్తులు, యోధులు, న్యాయమూర్తులు. పచ్చికలో ఏ పువ్వు ఏదో వృక్షశాస్త్రజ్ఞులు పేర్లు పెట్టి చెప్పగలిగేంత వివరంగా వేశారు. 2012లో మొదలైన శుద్ధిలో విచిత్రం బయటపడింది. ఇన్నాళ్ళూ జనం చూసిన గొర్రె ముఖం అసలుది కాదు, 16వ శతాబ్దంలో ఎవరో పైన పూసినది. ఆ పూత తీసేస్తే చిన్న ముఖం, సూటిగా మన కళ్ళలోకి చూసే మనిషిలాంటి కళ్ళు కనిపించాయి. ఆ చూపు చాలామందిని కలవరపెట్టింది. నా మట్టుకు అదే సరైన చూపు. బలికి నిలబడ్డ ప్రాణి చూసేవాణ్ణి తప్పించుకోనివ్వకూడదు. టికెట్ ముందే తీసుకుంటే మేలు. లోపల కనీసం గంట సేపు గడపండి. కింది వరసలో ఎడమ చివరి పలక మాత్రం అసలుది కాదని గుర్తుపెట్టుకోండి, అది నకలు. అసలు పలక 1934 ఏప్రిల్‌లో ఒక రాత్రి దొంగలపాలైంది.

గ్రావెన్‌స్టీన్ కోట గురించి క్లుప్తంగానే చెబుతాను, పిల్లలు ఎలాగూ మిమ్మల్ని అక్కడికి లాక్కుపోతారు. 1180లో ఫ్లాండర్స్ ప్రభువు ఫిలిప్ కట్టించాడు. ఊరి మధ్యలో, నీళ్ళలో నిలిచిన ఆ నల్లరాతి గోడలు శత్రువుల కోసం కట్టినవి కావు, ఊరివాళ్ళను భయపెట్టడానికి కట్టినవి. తర్వాత న్యాయస్థానం, చెరసాల. చిత్రహింసల పరికరాలు ఇప్పటికీ ప్రదర్శనలో ఉన్నాయి, మరీ చిన్నపిల్లలను ఆ గది దాటించండి. 1949 నవంబరు 16న వందకు పైగా విద్యార్థులు ఈ కోటను ఆక్రమించి, తలుపులు బిగించుకుని, పోలీసుల మీద కుళ్ళిన పండ్లు విసిరారు. వాళ్ళ కోపానికి ఒక కారణం బీరు ధర పెరగడం. ఊరి రక్తం ఎక్కడికి పోతుంది!

ఈ కోటకు మరో దశ ఉంది, అది మనకూ సంబంధించినది. 19వ శతాబ్దంలో ఇక్కడ నూలు మిల్లు నడిచింది, కార్మికుల కుటుంబాలు గోడల్ని ఆనుకుని కాపురం పెట్టాయి. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం వంటి కోరమాండల్ తీరపు రేవుల నుంచి వెళ్ళిన అద్దకం నూలుబట్టలు యూరప్‌ను వెర్రెత్తించాయి. ఆ బట్టలు తామే తయారుచేయాలన్న తాపత్రయం అక్కడి యంత్రాల వెనకున్న కారణాల్లో ఒకటి. గెంట్‌కు చెందిన లీవెన్ బావెన్స్ 1798 ప్రాంతంలో ఇంగ్లండ్ నుంచి వడికే యంత్రాన్ని భాగాలుగా విడదీసి దొంగచాటుగా తెచ్చాడు. ఎగుమతి చేయడం అక్కడ నేరం. ఆ యంత్రంతో గెంట్ ఐరోపా ఖండానికి మాంచెస్టర్ అయింది. అలాంటి యంత్రం పాత నూలు మిల్లులోనే పెట్టిన పరిశ్రమల మ్యూజియంలో ఉంది. మన కలంకారీ వాళ్ళ పొట్ట ఏ యంత్రం కొట్టిందో కళ్ళారా చూడాలంటే అక్కడికి వెళ్ళాలి. పై అంతస్తు కిటికీల్లోంచి ఊరి గోపురాలన్నీ కనిపిస్తాయి.

తిండికి ఇబ్బంది లేదు. వాటర్‌జోయి అనేది కోడిమాంసంతో గానీ చేపతో గానీ చేసే చిక్కటి తెల్ల పులుసు, ఊరి ప్రత్యేకత. శాకాహారులను ఈ ఊరు బాగా పట్టించుకుంటుంది. 2009 నుంచి గురువారాన్ని మాంసం లేని రోజుగా పాటించమని నగరపాలక సంస్థే ప్రోత్సహిస్తోంది. బండ్ల మీద అమ్మే ఊదారంగు శంకువుల మిఠాయి క్యూబర్‌డాన్, పైన గట్టి, లోపల జారుడు పాకం. సూట్‌కేసులో పెట్టుకుని తెద్దామనుకోకండి, కొన్ని వారాల్లో లోపలిది గడ్డకడుతుంది. సాయంత్రం పడవ ఎక్కండి. చీకటి పడ్డాక గ్రాస్‌లీ దీపాలు నీళ్ళలో పడతాయి. రాత్రి బస చేయకుండా వెళ్ళిపోయేవాళ్ళు ఊళ్ళో సగమే చూసినట్టు.

వీలైతే జులైలో వెళ్ళండి. 1843లో మొదలైన గెంట్ ఉత్సవాలు ఆ నెల మధ్యలో పది రోజులు జరుగుతాయి. ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. ఆ రోజుల్లోనే ఒక సంఘం వాళ్ళు తెల్ల చొక్కాలు వేసుకుని, మెడలో ఉరితాళ్ళు వేసుకుని, చెప్పుల్లేకుండా వీధుల్లో నడుస్తారు. ఉరితాడు మోసేవాళ్ళు అని ఆ ఊరివాళ్ళను ఎగతాళి చేయడానికి పుట్టిన పేరును గెంట్ తనకు తానే బిరుదుగా పెట్టుకుంది. పరువు తీయడానికి వేసిన శిక్ష ఆ ఊరికి పరువైంది. చార్లెస్ ఏలిన సామ్రాజ్యం ఈరోజు లేదు. ఆ తాడు మాత్రం ఏటా జులైలో వీధిలోకి వస్తూనే ఉంది.

బెల్జియం వెళ్ళే మనవాళ్ళు బ్రస్సెల్స్‌లో దిగి, బ్రూజ్‌లో ఫోటోలు తీసుకుని, దారిలోనే ఉన్న గెంట్‌కు ఒక్క పూట కూడా ఇవ్వకుండా తిరిగొస్తున్నారు. కనీసం రెండు రాత్రులు కేటాయించండి. మొదటి రోజు ఉదయం పురపాలక భవనం నుంచి ప్రిన్సెన్‌హోఫ్ దాకా నడిచాకే మిగతా ఊరు చూడండి.

కేథడ్రల్ నుంచి మాయమైన పలక, దాని కోసం వచ్చిన ఉత్తరాలు, రహస్యం తనకొక్కడికే తెలుసంటూ కన్నుమూసిన షేర్ల వ్యాపారి, చివరికి ఆస్ట్రియా ఉప్పు గనిలో దొరికిన మిగతా చిత్రం కథ వచ్చే సంచికలో.

(సశేషం)